మూడో రీలు

కారంపూడి,
14 జులై 2025

చందనా,

ఆశీస్సులు చివర్లో చెబుతాను. ముందు నువ్వు నాకు అంటగట్టిన ఈ ప్లాస్టిక్ డబ్బా సంగతి తేల్చు.

అంటగట్టావు అనకూడదులే. మొన్న డీలర్ల మీటింగుకి హైదరాబాదు వచ్చి మీ గదిలో దిగినప్పుడు, బల్ల మీద ఉన్న కెమెరాని నేనే అడిగి తెచ్చుకున్నాను. దీంట్లో తీసిన ఫోటో వెంటనే కనపడదా అంటే, "ఫిల్ము కడిగిందాకా ఏం పడిందో దేవుడిక్కూడా తెలియదు మావయ్యా" అన్నావు. ఆ మాట నచ్చి తెచ్చుకున్నాను. కానీ ఇంత సతాయిస్తుందని అప్పుడు చెప్పలేదేం?

రీలు ఎక్కించడానికే నాకు ఒక పూట పట్టింది. కాగితం తోకని ఖాళీ కండెలో దూర్చి చక్రం తిప్పమన్నావు. తిప్పితే తోక ఊడి వస్తుంది. మళ్ళీ దూరిస్తే వంకరగా చుట్టుకుంటుంది. కొట్లో కూచుని ఆ అవస్థ పడుతుంటే మిరప విత్తనాలకి వచ్చిన ఒకాయన కాసేపు చూసి, "ఏంది పున్నారావన్నా, కొత్త రకం స్ప్రేయరా?" అన్నాడు. ఏం చెప్పను?

వెనకాల ఉన్న ఎర్ర కిటికీలో అంకె కనపడాలన్నావు. ముందు చుక్కలు కనపడ్డాయి, తర్వాత ఏవో గీతలు. చివరికి ఒకటి కనపడింది. అక్కణ్ణుంచి పన్నెండు దాకా తీశాను. రీలు ఈ కవర్లోనే పెడుతున్నాను. కడిగించి పంపు.

ఒక్క షరతు. ఫోటోలు పడితే కవరు విప్పకుండా నాకు పంపు. పడకపోతే మాత్రం విప్పి చూసి, ఎందుకు పడలేదో రాయి.

జవాబు కొట్టు అడ్రసుకే రాయి, ఇంటికి వద్దు. ఫోన్లో మెసేజీలు పెట్టకు. సాయంత్రం నా ఫోను మీ అత్త చేతిలో ఉంటుంది. కొట్లో ఉన్నప్పుడు మాట్లాడదామంటే పదిమంది వింటారు. రీలు ఎలాగూ పోస్టులోనే రావాలి కనుక ఉత్తరమూ దాంతోనే వస్తుంది.

ఇప్పుడు చెబుతున్నాను, ఆశీస్సులు.

మీ మావయ్య
పున్నారావు


హైదరాబాదు,
22 జులై 2025

మావయ్యా,

కవరు విప్పకుండా, పడ్డాయో లేదో నాకు ఎలా తెలుస్తుంది? నువ్వే చెప్పు.

విప్పాను. ఏమీ పడలేదు. ఫిల్ము అద్దంలా ఖాళీగా ఉంది. లాబ్‌లో అతను "మేడమ్, కెమెరా వాడారా అసలు?" అని అడిగాడు. తలెత్తుకోలేకపోయాను.

లెన్సు మూత తీశావా? కోప్పడకు. మొదటిసారి అందరికీ అదే జరుగుతుంది. ఈ కెమెరాలో నువ్వు చూసే కన్నం వేరు, ఫిల్ము చూసే కన్నం వేరు. మూత తీయకపోయినా నీ కంటికి అంతా కనపడుతుంది. లేదా చీకట్లో తీసి ఉండాలి. ఇది ఎండ కోసం చేసిన బొమ్మ. పదకొండింటికి బయటకి వెళ్ళు. మన దగ్గర ఎండకేం కరువు? పత్తి చేలు తియ్యి, నాగులేరు తియ్యి, గేదెల్ని తియ్యి. చెయ్యి కుదిరాక మిగతావి.

కొత్త రీలు పంపుతున్నాను. నాకు మహా సంతోషంగా ఉంది తెలుసా? ఆఫీసులో రోజంతా సబ్బుల డబ్బాల మీద బొమ్మలు వేసే నేను, ఆదివారాలు ఈ కెమెరా పట్టుకుని తిరుగుతుంటే అమ్మ పిచ్చిదాన్ని అంటుంది. మన ఇంట్లో రెండో పిచ్చివాడు దొరికాడు.

అత్తయ్య ఎలా ఉంది? ఎప్పుడు ఫోన్ చేసినా పడుకుందనే అంటావు. మూతి పక్కకి లాగే జబ్బు చేశాక నేను చూడనే లేదు. రెండేళ్ళయింది. నేను అడిగానని చెప్పు.

చందన


కారంపూడి,
3 ఆగస్టు 2025

చందనా,

మూత తీశాను. తీసి చొక్కా జేబులో వేసుకున్నాను. నేనేం పిచ్చివాణ్ణి కాదు, నువ్వు ఆ జట్టులో కలుపుకున్నా సరే.

బయట తియ్యి, బయట తియ్యి అంటావు. నాకు గేదెల ఫోటోలు ఎందుకమ్మాయ్? రోజూ చూస్తూనే ఉన్నాను. నేను తీయాల్సింది ఇంట్లో, పడమటి గదిలో. బయటకి రావడం కుదరదు. అదెలాగో చెప్పమంటే ఏటి గురించి రాస్తావు.

ఇంకొకటి. లెన్సు చుట్టూ నాలుగు బొమ్మలున్నాయి. ఒక మనిషి, ముగ్గురు మనుషులు, గుంపు, కొండ. నేను ఒక్కరినే తీస్తున్నాను కనుక ఒక్క మనిషి బొమ్మ మీదే పెట్టాను. అది సరైనదే కదా?

రెండో రీలు పంపుతున్నాను. ఈసారి కిటికీ దగ్గర కూచోబెట్టి తీశాను. సగంలో పక్కనున్న రేకు క్లిప్పు ఊడి, వెనక తలుపు తెరుచుకుంది. గబుక్కున మూశాను. ఏమవుతుందిలే, రెప్పపాటే కదా.

ఆ గదిలో ఒక మనిషిని అరగంట కూచోబెట్టడం ఎంత కష్టమో నీకు తెలియదు. "ఇంకా కాలేదా? నీకు చేతకాకపోతే చేతకాదని చెప్పు" అని తిట్లు. చేతకాదని నేను చెప్పను. అందుకే నీతో పడుతున్నాను.

కొట్లో ఇప్పుడు ఊపిరి సలపనంత రద్దీ. విత్తనాలకీ మందులకీ ఒకటే జనం. ఒక్కణ్ణే అన్నీ చూసుకోలేక ఛస్తున్నాను. త్వరగా జవాబు రాయి.

పున్నారావు


హైదరాబాదు,
12 ఆగస్టు 2025

మావయ్యా,

దొరికిపోయావు!

రీలు దాదాపు పాడైంది. వెలుతురు తగిలి ఎర్రటి మంటలా చారలు పడ్డాయి. ఆ రెప్పపాటు చాలు దానికి. ఇకనుంచి రీలు ఎక్కించగానే తలుపు చుట్టూ నల్ల టేపు అంటించు. కరెంటు పనివాళ్ళు వాడేది. కానీ ఒక ఫోటోలో మాత్రం కిటికీ ఊచలు, పక్కన ఆకుపచ్చ చీర భుజం, ఒక గాజుల చెయ్యి మసకగా కనపడుతున్నాయి. ఆ గాజులు నాకు తెలియవా? చిన్నప్పుడు సెలవులకి మీ ఇంటికి వస్తే ఆ చేత్తోనే నాకు జడ వేసేది.

అత్తయ్యని తీస్తున్నావు! పెళ్ళిరోజుకి బహుమతా? ఆవిడకి చెప్పొద్దనేగా ఉత్తరాలు కొట్టుకి రాయమన్నావు, కవరు విప్పొద్దన్నావు. ఇంత సరసుడివని నాకు తెలియదు. ఎవరికీ చెప్పనులే.

సరే, పాఠం విను. ఆ బొమ్మలు ఎంతమంది అని కాదు, ఎంత దూరం అని. ఒక్క మనిషి బొమ్మంటే మూడడుగులు. నువ్వు గది అవతల నుంచి తీసి ఉంటావు. దగ్గరికి వెళ్ళు. కెమెరా కింద చిన్న మీట ఉంటుంది, దాన్ని "బి" మీదకి జరుపు. అప్పుడు నువ్వు నొక్కి ఉంచినంతసేపూ వెలుతురు లోపలికి వస్తుంది. కెమెరాని చేత్తో పట్టుకోకు. స్టూలు మీద పెట్టి, నొక్కి, మనసులో మూడు లెక్కపెట్టి వదులు. ఆవిడ కదలకూడదు. ఫోటో తీసిన ప్రతిసారీ చక్రం తిప్పడం మర్చిపోకు. మర్చిపోతే ఒకదాని మీద ఒకటి పడుతుంది. ఈ కెమెరా నిన్ను హెచ్చరించదు.

మీ ఇద్దరూ కిటికీ దగ్గర కూచుని ఇలా పోట్లాడుకుంటూ ఉంటారని తలుచుకుంటే ముచ్చటగా ఉంది.

చందన


కారంపూడి,
24 ఆగస్టు 2025

చందనా,

నువ్వు ఏమనుకుంటే అదే అనుకో. వివరాలు రాసే ఓపిక లేదు.

మూడో రీలు ఇది. నువ్వు చెప్పినట్టే చేశాను. టేపు అంటించాను, స్టూలు పెట్టాను, మూడు లెక్కపెట్టాను. ఒకసారి లెక్కపెడుతుంటే ఆమె తుమ్మింది. ఒకసారి కరెంటు పోయింది. ఒకసారి నేను ఊపిరి బిగబట్టి దగ్గొచ్చి స్టూలుని తన్నాను. చక్రం తిప్పానో లేదో రెండు మూడుసార్లు అనుమానమొచ్చింది. తిప్పే ఉంటాను.

ఇది కూడా పోతే నాకు ఇంకో అవకాశం లేదు. "ఇదే ఆఖరు, మళ్ళీ అడిగితే నీ డబ్బా బావిలో ఏస్తా" అంది.

కాబట్టి ఈసారి పడ్డా పడకపోయినా విప్పకు. కాగితం మీద అచ్చు వేయించి, కవరు అంటించి, అలాగే పంపు. ఇది తమాషాకి చెప్పడం లేదు.

పున్నారావు


హైదరాబాదు,
6 సెప్టెంబరు 2025

మావయ్యా మావయ్యా,

విప్పాను. తిట్టుకో. లాబ్ అతను ఫిల్మును కంప్యూటర్లోకి ఎక్కించి నేరుగా నా ఫోనుకే పంపాడు. చూడకుండా ఎలా ఉంటాను?

మిగతావన్నీ కదిలిపోయాయి. ఒక్కటి మాత్రం, ఆ ఒక్కటి చూసి రోడ్డు మీదే నిలబడిపోయాను. చక్రం తిప్పడం మర్చిపోయావు! రెండు ఫోటోలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మొదటిదాంట్లో అత్తయ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రెండోదాంట్లో చెయ్యి దించి నిన్నేదో తిడుతోంది. రెండూ కలిసి, ఆ చెయ్యి గాజు పలకలా మారి, దాని వెనకాల నోరు కనపడుతోంది. ఒక పక్కకి లాగినట్టున్న నోరు. కళ్ళు మాత్రం రెండుసార్లూ ఒకేచోట పడ్డాయి. నాలుగేళ్ళుగా ఈ కెమెరాతో తిరుగుతున్నాను, ఒక్కటంటే ఒక్కటి ఇలాంటిది నాకు రాలేదు. నిజం చెప్పాలంటే కుళ్ళుకున్నాను.

ఇప్పుడు నీకో వార్త. మా ప్లాస్టిక్ కెమెరా జట్టు ఇక్కడ ఒక కాఫీ హోటలు గోడల మీద ప్రదర్శన పెట్టాం. నా ఫోటోలు రెండు పెట్టి, మధ్యలో నీది పెట్టాను. కింద "పున్నారావు, కారంపూడి" అని రాయించాను. వచ్చినవాళ్ళందరూ దాని దగ్గరే ఆగారు. నా ఇన్‌స్టాగ్రామ్‌లో కూడా పెట్టాను. పెళ్ళిరోజుకి అత్తయ్యకి ఇదంతా చూపించు, మురిసిపోతుంది.

అచ్చు వేయించిన ఫోటో ఇందులో ఉంది. కవరు అంటించాను, నీ తృప్తి కోసం.

గర్వంతో
చందన


కారంపూడి,
10 సెప్టెంబరు 2025

చందన,

నీ ఉత్తరం రాకముందే మీ అత్త ఆ ఫోటో చూసింది. నా ఫోన్లో, మన కుటుంబం గ్రూపులో. మా అన్న కొడుకు సుధీర్ బాబు నీ దగ్గర నుంచి దించి, "కుసుమ పిన్ని హీరోయిన్ అయింది" అని పెట్టాడు. కింద వరసగా నవ్వు బొమ్మలు.

నువ్వు ఆ గ్రూపులో లేవు కనుక నీకు తెలియదు. తెలుసుకో. రెండేళ్ళ కింద జబ్బు చేసిన కొత్తల్లో, ఒక పెళ్ళిలో మీ అత్త భోజనం చేస్తుండగా ఇదే సుధీర్ ఫోటో తీశాడు. మూతి వంకరగా ఉన్న ముఖాన్ని కత్తిరించి, ఫోన్లో పంపుకునే స్టిక్కరు చేశాడు. ఎవరికి చిరాకేసినా ఆ బొమ్మే పంపేవాళ్ళు. ఎవరూ కావాలని ఏడిపించలేదు, తమాషా అనుకున్నారు. ఆమె తన ఫోను తీసి బీరువాలో పడేసింది. కొట్టుకి రావడం మానేసింది. పేరుకి కొట్టు నాది గానీ, రైతులు వచ్చేది ఆమె కోసం. ఆ మాట నీకు తెలుసు. ఇప్పుడు చుట్టాలొస్తే లోపలికి వెళ్ళి పడుకుంటుంది.

ముఖం చాలా వరకు కుదుటపడింది. అద్దంలో చూసుకోమంటే చూసుకోదు. ఒక్క మంచి ఫోటో చేతికిస్తే నమ్ముతుందేమోనని నా ఆశ. ఫోనుతో తీస్తానంటే ఒప్పుకోలేదు. "ఇది ఎవరికీ కనపడదు. ఒక్క కాగితం వస్తుంది, నీ చేతిలో పెడతా" అని ఒట్టేసి కూచోబెట్టాను. విప్పొద్దని నీకు రెండుసార్లు రాశాను. ఎందుకని అడిగావా? సరసుడివి అన్నావు.

ఆమె నన్ను ఒక్క మాటే అడిగింది. "నీ చేతిలో పెడతానన్నావు. హైదరాబాదు గోడ మీద పెట్టించావా?"

దాన్ని దించెయ్. ఇక రాయకు.

పున్నారావు


హైదరాబాదు,
14 సెప్టెంబరు 2025

మావయ్యా,

రాయొద్దన్నావు. రాస్తున్నాను.

నీ ఉత్తరం అందిన గంటలో ఫోటో దించాను. ఇన్‌స్టాగ్రామ్‌లో తీసేశాను. లాబ్‌కి వెళ్ళి వాళ్ళ కంప్యూటర్లో ఉన్నది నా కళ్ళెదుట చెరిపించాను. నెగెటివ్ ఇందులో పెడుతున్నాను, ఇక నా దగ్గర ఏమీ లేదు. కానీ ఇతరుల ఫోన్లలోకి వెళ్ళినవాటిని ఎలా తేను? సుధీర్ బావకి ఫోన్ చేసి అరిచాను. "ఊరికే సరదాకి చేశానే" అన్నాడు. నేను కూడా ఊరికే సంతోషానికి చేశాను. అత్తయ్యకి తగిలిన దెబ్బ ఒకటే అయినప్పుడు, ఇద్దరికీ తేడా ఏముందని నిద్రపట్టడం లేదు.

తప్పు నాది. అయినా ఒక మాట అంటాను, పడు. నువ్వు ఎన్ని ఉత్తరాలు రాశావు? మూత గురించి, క్లిప్పు గురించి, స్టూలు గురించి రాశావు. ఎందుకో ఒక్క వాక్యం రాశావా? నేను పెళ్ళిరోజు అనుకుంటుంటే "ఏమనుకుంటే అదే అనుకో" అన్నావు. రెండేళ్ళుగా ఎవరు ఫోన్ చేసినా పడుకుందని చెప్పావు. నాకు జడ వేసిన మనిషికి ఇంత జరిగితే నాకు తెలియకుండా చేసింది ఎవరు?

అత్తయ్యకి మూడుసార్లు ఫోన్ చేశాను. స్విచాఫ్ అనే వస్తోంది. నన్ను రమ్మంటే ఆ శనివారమే వస్తాను. రావొద్దంటే రాను. ఆవిణ్ణి అడిగి చెప్పు. నీ అంతట నువ్వు నిర్ణయించకు.

చందన


కారంపూడి,
27 సెప్టెంబరు 2025

చందనా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు కోపంగా ఉన్నాను. మూడో రోజు, నువ్వన్నదాంట్లో కొంత నిజముందనిపించి ఇంకా కోపమొచ్చింది. దాంతో ఒక వెధవ పని చేశాను.

గ్రూపులో నా గొంతుతో ఒక మెసేజీ పెట్టాను. "కుసుమకి ఆరోగ్యం బాగాలేదు. పాపం, చాలా బాధపడుతోంది. దయచేసి ఆమె ఫోటోలు పెట్టొద్దు" అని. వెంటనే జనం "అయ్యో" అనీ, "పాపం" అనీ, దణ్ణాల బొమ్మలూ పెట్టారు. సుధీర్ సారీ చెప్పాడు. హమ్మయ్య, ఒక మంచి పని చేశాననుకుని ఫోను ఇంట్లో మర్చిపోయి కొట్టుకి వచ్చాను.

పదకొండు గంటల వేళ, కొట్టు నిండా జనం. మీ అత్త వచ్చింది. ఇంటి నుంచి నడిచి వచ్చింది, బజారు మధ్యలోంచి. నోటికి కొంగు అడ్డం పెట్టుకోవడం కూడా మర్చిపోయింది. నా ఫోను బల్ల మీద కొట్టి,

"ఎవురికి బాగాలేదు? నేనేమన్నా మంచాన పడ్డానా?" అంది.

నేను గబగబా ఫోను తీసి జేబులో వేసుకోబోయాను.

"మూతి వంకరైతే నవ్వేవాళ్ళు నవ్వుతారు, వాళ్ళ ఖర్మ. పాపం పాపం అని ఊరందరికీ టముకేసింది నువ్వు! ఫోటో తీస్తానన్నావు, కూచున్నా. కదలొద్దన్నావు, కదల్లా. ఒక్క మాట నిలబెట్టుకోవటం నీకు చేతగాలా?"

ఆమెకి కోపమొస్తే "ప", "మ" ఇప్పటికీ సరిగా పలకవు. అందరూ విన్నారు. నాకు భూమిలోకి పోదామనిపించింది.

అప్పుడు వెనక నిలబడ్డ ఒప్పిచర్ల రైతు ఒకాయన ముందుకొచ్చాడు. మనిషికి సందర్భం తెలియదో, తెలిసే చేశాడో గానీ, "అక్కా, నువ్వొచ్చావు, చానా సంతోషం. మిరప తోటకి ముడతొచ్చింది. ఈయనిచ్చిన మందు రెండుసార్లు కొట్టినా తగ్గలా" అన్నాడు.

ఆమె నా వైపు నుంచి అటు తిరిగింది.

"ఆకు పైకి ముడిచిందా, కిందికా?"

"ఏందక్కా?" అన్నాడాయన. అర్థం కాలేదు.

ఆమె ముఖం ఎర్రబడింది. వెళ్ళిపోతుందనుకున్నాను. అరచేతిని పడవలా పైకి వంచి చూపించి, తర్వాత బోర్లించి చూపించి, మళ్ళీ అడిగింది. "కిందికే అక్కా" అన్నాడు.

"అది పురుగు కాదయ్యా, నల్లి. ఈయన పురుగు మందిచ్చాడు" అంటూ బల్ల చుట్టూ తిరిగి లోపలికొచ్చి, నన్ను పక్కకి జరిపి, పై అరలోంచి సీసా తీసింది. ఆ తర్వాత ఇంకొకాయన అడిగాడు. ఆ తర్వాత ఇంకొకావిడ. మధ్యాహ్నం దాకా కూచుంది.

ఆ రోజు నుంచి రోజూ వస్తోంది. ఇది మంచి వార్తే, ఒప్పుకుంటాను. కానీ నాతో మాట్లాడదు. చెప్పాల్సింది ఉంటే ఎదుటివాళ్ళతో చెబుతుంది. "ఆ పెద్దమనిషిని లెక్క చూడమను" అని. రైతులు ముసిముసిగా నవ్వుతూ నాకు అందిస్తారు. ఈ వయసులో ఈ పరువు నాకు!

నువ్వు పంపిన నెగెటివూ, ఫోటో ఉన్న కవరూ ఆమె ముందు పెట్టాను. వెలుతురుకి పట్టుకుని చాలాసేపు చూసింది. కొట్లో అప్పుడు ఎవరూ లేరు కనుక గోడ వైపు చూస్తూ, "చెయ్యి అడ్డం పెట్టుకున్నా గదా, ఎట్టా కనపడింది?" అంది. చక్రం తిప్పడం మర్చిపోయానన్నాను. "ఏ పనీ సక్కంగా చెయ్యడు" అని గోడకి చెప్పి, రెండూ తీసుకుని తన సంచిలో పెట్టుకుంది. చింపుతుందో దాస్తుందో నేను అడగలేదు. అడగకపోవడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను.

నువ్వు చెప్పినట్టే నీ సంగతి ఆమెనే అడిగాను. ఆమె మాటలు ఉన్నవున్నట్టు రాస్తున్నాను. "ఫోటో పెట్టుకుంటానని అడిగితే ఇద్దునేమో. అడగలా గదా. ఆ పిల్లని ఇప్పుడప్పుడే రావొద్దను. కోపం తగ్గినాక నేనే ఫోన్ చేస్తా." బీరువాలోంచి ఫోను బయటకి తీసి చార్జింగు పెట్టింది. ఎప్పుడు చేస్తుందో నాకు తెలియదు. చేసినప్పుడు తిడుతుంది, సిద్ధంగా ఉండు.

కెమెరా పార్సిల్ చేసి పంపుతున్నాను. నాకూ దానికీ సరిపడలేదు. నేను కోరుకున్న ఫోటో ఒక్కటీ రాలేదు. చూపించకూడనిది ఒక్కటి వచ్చింది. దాని మీద నా కోపం ఇంకా పోలేదు. నీ మీద సగం పోయింది.

నిన్న సాయంత్రం కొట్టు కట్టేసేటప్పుడు మాత్రం, పక్కన ఎవరూ లేకపోయినా, గోడ వైపు కాకుండా నా వైపే తిరిగి మాట్లాడింది. "తాళాలు ఇటియ్యి. రేపు పొద్దున నేను ముందు పోతా. నువ్వు అన్నం వండి క్యారేజీ తీసుకురా."

ఇవాళ మూడు విజిళ్ళన్నది నాలుగైంది. అడుగు మాడింది. పై అన్నం ఏరి క్యారేజీలో పెట్టుకుని బయల్దేరుతూ, దారిలో పోస్టు చేద్దామని ఇది రాశాను.

ఆశీస్సులతో
మావయ్య